మోకాళ్ల నొప్పికి కదలికే మొదటి మందు

నడివయసు దాటినవారిని, అందులోనూ స్త్రీలను, ఏళ్ల తరబడి బాధించే వ్యాధుల్లో ఆస్టియో ఆర్థరైటిస్ ముందు వరుసలో ఉంటుంది. కీళ్ల అరుగుదల అని జనం చెప్పుకునే ఈ వ్యాధి ప్రాణం తీయదు గనుక గుండెజబ్బుకో క్యాన్సర్‌కో దక్కే శ్రద్ధ దీనికి దక్కడం లేదు. అయితే నడవడం, మెట్లెక్కడం, నేలమీద కూర్చుని లేవడం వంటి పనులను ఒక్కొక్కటిగా దూరం చేస్తూ మనిషిని ఇంటికే కట్టిపడేయగల శక్తి దీనికి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 52.8 కోట్ల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు. 1990తో పోలిస్తే ఈ సంఖ్య రెట్టింపుకు మించింది. బాధితుల్లో సుమారు 60 శాతం స్త్రీలు. తుంటి, వెన్ను, చేతివేళ్ల కీళ్లకు కూడా ఇది వస్తుంది గాని, అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది మోకాలే. భారతదేశంలో 1990లో దాదాపు 2.3 కోట్లుగా ఉన్న బాధితులు 2019 నాటికి 6.2 కోట్లకు చేరారని ప్రపంచ వ్యాధిభార అధ్యయనం అంచనా.

ఇంత విస్తారమైన వ్యాధి గురించి సమాజంలో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: కీలు వాడేకొద్దీ అరుగుతుందని, ఒకసారి అరిగాక చేయగలిగింది లేదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలంటే కదలికలు తగ్గించుకోవాలని చాలామంది అనుకుంటారు. గత మూడు దశాబ్దాల పరిశోధన తేల్చిన విషయం దీనికి పూర్తిగా విరుద్ధం. యంత్రభాగం వాడకంతో అరిగితే, సజీవమైన కీలు వాడకపోవడం వల్ల కూడా క్షీణిస్తుంది. తగిన కొలతలో కదలికే దానికి ఆహారమూ, మందూ అవుతుంది. వ్యాధి లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే ఈ సంగతి స్పష్టమవుతుంది.

కీలు లోపల జరిగేది

మోకాలి వద్ద పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, ముందు వైపు మోకాటి చిప్ప కలుస్తాయి. ఈ ఎముకల కొసలను నున్నని, తెల్లని, కొన్ని మిల్లీమీటర్ల మందమైన పొర కప్పి ఉంటుంది. మృదులాస్థి అని శాస్త్ర గ్రంథాలు, గుజ్జు అని జనం పిలిచేది దీనినే. దీని బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీరే ఉంటుంది. కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు దానికి గట్టిదనాన్ని ఇస్తే, ప్రోటియోగ్లైకాన్లనే పెద్ద అణువులు నీటిని పట్టి ఉంచి ఒత్తిడిని తట్టుకునే గుణాన్ని ఇస్తాయి. ఈ పదార్థాన్ని తయారు చేసి మరమ్మతు చేసేవి కాండ్రోసైట్లనే కణాలు. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. అందువల్ల ఈ కణాలకు పోషణ చుట్టూ ఉన్న కీలు ద్రవం నుంచే అందాలి. అడుగు వేసినప్పుడు ఒత్తిడికి మృదులాస్థిలోని ద్రవం బయటికి రావడం, కాలు ఎత్తినప్పుడు తిరిగి లోపలికి చేరడం అనే నిరంతర ప్రక్రియ ఈ పోషణకు తోడ్పడుతుంది. కదలిక ఆగితే ఇదీ మందగిస్తుంది.

మృదులాస్థిలో నరాలు కూడా లేవు గనుక అది పలచబడినంత మాత్రాన దానికదే నొప్పి పుట్టించదు. ఆస్టియో ఆర్థరైటిస్‌ను ఇప్పుడు శాస్త్రవేత్తలు గుజ్జుకు మాత్రమే పరిమితమైన జబ్బుగా గాక, కీలు మొత్తానికి వచ్చే వ్యాధిగా పరిగణిస్తున్నారు. గాయం, అధిక భారం, వయసు, జన్యువులు వంటి కారణాలతో కాండ్రోసైట్ల పనితీరు గాడి తప్పినప్పుడు, పదార్థాన్ని నిర్మించే వేగం కంటే విచ్ఛిన్నం చేసే ఎంజైముల వేగం పెరుగుతుంది. మృదులాస్థి అడుగున ఉన్న ఎముక గట్టిపడుతుంది. అంచుల్లో ఆస్టియోఫైట్లనే ఎముక మొలకలు వస్తాయి. కీలును చుట్టిన సైనోవియల్ పొర వాచి ద్రవాన్ని ఎక్కువగా స్రవిస్తుంది. రెండు ఎముకల మధ్య మెత్తల్లా ఉండే మెనిస్కస్‌లు చిరుగుతాయి. నొప్పికి భయపడి కాలు వాడకపోవడంతో తొడ కండరాలు సన్నబడతాయి. నరాలున్న ఎముక, వాచిన పొర, లాగుకుపోయిన లిగమెంట్లు కలిసి నొప్పిని పుట్టిస్తే, బలహీనపడిన కండరం భారాన్ని మోయలేక మళ్లీ కీలు మీదికే నెట్టడం వల్ల ఆ నొప్పి మరింత పెరుగుతుంది. ఈ వలయాన్ని ఎక్కడ తెంచవచ్చునన్నదే చికిత్సలోని అసలు ప్రశ్న.

ఎవరికి, ఎందుకు

వయసుతో ముప్పు పెరిగేమాట నిజమే గాని, ముసలితనం ఒక్కటే దీనికి కారణం కాదు. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత వ్యాధి స్పష్టంగా పెరుగుతుంది. యౌవనంలో కబడ్డీ, ఫుట్‌బాల్ వంటి ఆటల్లో గాని రోడ్డు ప్రమాదాల్లో గాని మోకాలి లిగమెంటు, మెనిస్కస్ దెబ్బతిన్నవారికి పది పదిహేనేళ్లలోనే ఇది రావచ్చు. దొడ్డికాళ్లున్నవారిలో శరీర భారం మోకాలి లోపలి వైపునే ఎక్కువగా పడి ఆ భాగం ముందుగా దెబ్బతింటుంది. అధిక బరువు మరో ప్రధాన కారణం. కొవ్వు కణజాలం విడుదల చేసే వాపుకారక పదార్థాల పాత్ర కూడా ఇందులో ఉన్నందువల్లనే, బరువు మోయని చేతివేళ్ల కీళ్లలో సైతం స్థూలకాయులకు ఈ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది.

వృత్తి, జీవనశైలుల ప్రభావమూ చిన్నది కాదు. బీజింగ్ నగరంలోని వృద్ధులపై జరిపి 2004లో ప్రచురించిన ఒక పరిశోధన, యౌవనంలో రోజుకు గంటల తరబడి గొంతుక్కూర్చున్నవారిలో మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ హెచ్చుగా ఉన్నట్లు చూపింది. గొంతుక్కూర్చుని కలుపు తీసే, బండలు పరిచే, ఇటుకలూ మూటలూ మోసే శ్రామికుల మోకాళ్లపై ఏళ్ల తరబడి పడే భారాన్ని ఈ వెలుగులోనే అర్థం చేసుకోవాలి. అయితే ఆరోగ్యంగా ఉన్న మోకాళ్లతో రోజూ నడిచేవారికి, సరదాగా పరుగెత్తేవారికి ముప్పు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. హాని చేసేది విరామం లేని మితిమీరిన భారమే గాని, కదలిక కాదు.

గుర్తించడం ఎలా

ఈ వ్యాధి నిర్ధారణకు చాలా సందర్భాల్లో ఖరీదైన పరీక్షలు అక్కరలేదు. 45 ఏళ్లు పైబడినవారికి పనిచేసినప్పుడు కీలు నొప్పి రావడం, పొద్దున్నే లేచినప్పుడు కీలు బిగుసుకుపోయినట్లున్నా ఆ స్థితి అరగంటలోపే సడలిపోవడం అనే లక్షణాలుంటే, వేరే వ్యాధిని అనుమానించే సూచనలు లేనప్పుడు ఎక్స్‌రే లేకుండానే ఆస్టియో ఆర్థరైటిస్‌గా నిర్ధారించవచ్చునని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలను రూపొందించే నైస్ సంస్థ 2022 నాటి మార్గదర్శకాల్లో పేర్కొంది.

ఎక్స్‌రేలో కనిపించే మార్పులను సున్నా నుంచి నాలుగు వరకు శ్రేణులుగా విభజించే పద్ధతిని 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే వైద్యులు ప్రతిపాదించారు. నేటికీ వాడుకలో ఉన్న ఈ శ్రేణి ఎముకల స్థితిని చెబుతుంది గాని రోగి బాధను కొలవదు. మూడో శ్రేణి మార్పులున్నా హాయిగా నడిచేవారూ ఉంటారు, ఎక్స్‌రే దాదాపు మామూలుగా ఉన్నా నొప్పితో సతమతమయ్యేవారూ ఉంటారు. ఎమ్మారై విషయమూ అంతే. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 50 ఏళ్లు దాటినవారిని పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మెనిస్కస్ చిరిగినట్లు ఎమ్మారైలో తేలినవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పి గాని బిగుసుకుపోవడం గాని లేవు. అందువల్ల ఫిల్మును చూసి భయపడి, గుజ్జు మొత్తం పోయిందన్న మాటకు కుంగిపోయి నడక మానేయడం తొందరపాటే అవుతుంది.

మరోవైపు ప్రతి కీళ్లనొప్పినీ ఈ ఖాతాలో వేయకూడదు. పొద్దున బిగువు గంటకు పైగా ఉండి, రెండు చేతుల చిన్న కీళ్లూ వాచితే అది శరీర రక్షణ వ్యవస్థ తన కీళ్లపైనే దాడిచేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. ఉన్నట్టుండి ఒక కీలు ఎర్రబడి తాకనివ్వనంత నొప్పి పెడితే యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే గౌట్ కావచ్చు. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో విస్తరించిన చికున్‌గున్యా జ్వరం తగ్గిన తరువాత కూడా ఎందరికో నెలల తరబడి కీళ్లనొప్పులు మిగిల్చింది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బావినీరు దీర్ఘకాలం తాగినవారిలో ఎముకలూ లిగమెంట్లూ గట్టిపడి కీళ్లు బిగుసుకుపోవడం తెలిసిందే. వీటి చికిత్సలు వేరు. కీలు వేడెక్కి వాచి జ్వరం రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మోకాలు ఒక్కసారిగా ఇరుక్కుపోయి చాచలేకపోవడం వంటివి కనిపిస్తే జాప్యం లేకుండా వైద్యుని సంప్రదించాలి.

వ్యాయామమే పునాది

ఆస్టియో ఆర్థరైటిస్ చికిత్సకు ప్రపంచంలోని ప్రధాన మార్గదర్శకాలన్నీ ఏకగ్రీవంగా పునాదిగా చెప్పేవి మూడు: వ్యాధిపై అవగాహన, వ్యాయామం, అవసరమైనవారికి బరువు తగ్గింపు. వ్యాధి ఏ దశలో ఉన్నా, వయసు ఎంతైనా ఈ మూడూ వర్తిస్తాయి. క్రమబద్ధమైన వ్యాయామం నొప్పిని తగ్గించడంలో మాత్రలకు తీసిపోదు, పైగా వాటిలా కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీయదు.

మోకాలికి అన్నిటికంటే ముఖ్యమైన రక్షణ తొడ ముందుభాగంలో ఉన్న క్వాడ్రిసెప్స్ అనే పెద్ద కండరం. అడుగు నేలను తాకినప్పుడు పుట్టే తాకిడిని అది తన మీద వేసుకుని కీలుకు చేరకుండా కొంత ఆపుతుంది. దీన్ని బలపరచడానికి యంత్రాలు, వ్యాయామశాలలు అవసరం లేదు. వెల్లకిలా పడుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని అదుముతున్నట్లుగా తొడ కండరాన్ని బిగించి ఐదారు సెకన్లు నిలిపి వదలడం. ఒక కాలు మడిచి, రెండో కాలిని తిన్నగా చాచి అడుగెత్తున పైకి లేపి నెమ్మదిగా దించడం. కుర్చీలో కూర్చుని కాలిని ముందుకు చాచి కాసేపు నిలపడం. చేతుల సాయం లేకుండా కుర్చీ నుంచి లేచి మళ్లీ మెల్లగా కూర్చోవడం వంటివి పదేసి సార్లు, వారానికి మూడు నాలుగు రోజులు చేయడంతో మొదలుపెట్టి, బలం పెరిగేకొద్దీ సంఖ్య పెంచుకోవాలి. తుంటి పక్క కండరాల బలం కూడా మోకాలిని తిన్నగా ఉంచుతుంది గనుక, పక్కకు తిరిగి పడుకుని పై కాలిని ఎత్తే వ్యాయామం దీనికి జోడించాలి. సమతల నేలపై నడక, సైకిలు తొక్కడం, అవకాశం ఉన్నచోట ఈత గుండెకూ మేలు చేస్తాయి.

మొదలుపెట్టిన కొత్తలో కొంత నొప్పి రావడం సహజం. ఆ నొప్పి భరించదగినదిగా ఉండి, మరునాటికి మామూలు స్థితికి వస్తే కీలుకు హాని జరగడం లేదని అర్థం. మరునాడు కూడా హెచ్చుగా ఉన్నా, వాపు వచ్చినా కొలత తగ్గించాలి గాని పూర్తిగా మానకూడదు. ప్రయోజనం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, మానేస్తే పోతుంది. రక్తపోటు మాత్రను రోజూ వేసుకున్నంత నియమంగా దీన్ని పాటించాలి. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే కార్యక్రమం ఫిజియోథెరపిస్టుల పర్యవేక్షణలో కొన్ని అవగాహన తరగతులు, పన్నెండు వ్యాయామ తరగతులు నిర్వహించి వేలాది మందికి నొప్పి తగ్గించగలిగింది, ఆ తరువాత ఇతర దేశాలకూ విస్తరించింది. దానిలో ఖరీదైన సాంకేతికత ఏదీ లేదు. శిక్షణ పొందిన మనిషి, కొంచెం స్థలం, క్రమం తప్పని సాధన మాత్రమే ఉన్నాయి.

మోకాలిపై పడే భారం

మోకీలు మార్పిడి చేయించుకున్న ఐదుగురి కృత్రిమ కీళ్లలో భారాన్ని కొలిచే పరికరాలు అమర్చి జర్మనీ పరిశోధకులు 2010లో ప్రచురించిన కొలతల ప్రకారం, సమతలంపై నడిచేటప్పుడు శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లెక్కేటప్పుడు మూడు రెట్లకు మించి, దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్ల భారం మోకాలిపై పడుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఎక్కడం కంటే దిగడం కష్టంగా ఉండటానికి ఇదొక కారణం. మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి తిరుమల కొండ మెట్లెక్కాలనుకునే రోగులు కొన్ని నెల్ల ముందునుంచే కండరాలను సిద్ధం చేసుకుని, ఎక్కేటప్పుడు తరచు ఆగుతూ, దిగేటప్పుడు బస్సును ఆశ్రయించడం మంచిది.

బరువు తగ్గడం వల్ల కలిగే మేలు కూడా ఈ లెక్కతోనే అర్థమవుతుంది. స్థూలకాయులైన రోగులపై అమెరికాలో జరిపి 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, శరీరం నుంచి ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుంది. రోజుకు కొన్ని వేల అడుగుల లెక్కన ఈ ఊరట ఎంతో పెద్దది. ఫ్రేమింగ్‌హామ్ స్త్రీలపై 1992లో వెలువడిన అధ్యయనంలో, పదేళ్ల కాలంలో ఐదు కిలోల మేర బరువు తగ్గినవారికి మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ వచ్చే ముప్పు సగానికి తగ్గినట్లు తేలింది. స్థూలకాయానికి వాడే సెమాగ్లుటైడ్ సూదిమందు తీసుకున్న రోగులలో 68 వారాలకు బరువుతో పాటు మోకాలి నొప్పి కూడా గణనీయంగా తగ్గిందని 2024లో వెల్లడైన ప్రయోగం ఈ సంబంధాన్ని మరింత బలపరిచింది.

తెలుగు ఇళ్లలో పళ్లెంలో అన్నం పాళ్లు తగ్గించి పప్పు, గుడ్డు, చేప, పెరుగు, కూరగాయల పాళ్లు పెంచుకుంటే బరువు తగ్గడంతో పాటు కండరాలకు కావలసిన ప్రోటీనూ అందుతుంది. బెండకాయలు నానబెట్టిన నీళ్లు గాని, మేక కాళ్ల పాయా గాని పోయిన మృదులాస్థిని తిరిగి పెంచుతాయనడానికి ఏ ఆధారమూ లేదు.

మందులు, సూదులు

మందులు వ్యాయామం చేయగలిగే స్థితికి రోగిని తెచ్చే సాధనాలు మాత్రమే. పోయిన మృదులాస్థిని తిరిగి నిలబెట్టగల మందు ఇంతవరకు ఏదీ వాడుకలోకి రాలేదు. మోకాలికి మొదట వాడదగినది డైక్లోఫెనాక్ వంటి వాపు తగ్గించే మందు కలిసిన పైపూత జెల్. ఇందులో మందు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అది చాలనప్పుడు ఇదే జాతి మాత్రలను వైద్యుని సలహాతో, అతి తక్కువ మోతాదులో, వీలైనంత తక్కువ కాలం వాడవచ్చు. మందుల దుకాణంలో అడిగి కొనుక్కుని ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు, రక్తస్రావం, గుండెపోటు ముప్పు, మూత్రపిండాల నష్టం కలగవచ్చు. కారణం ఇంకా పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధి వ్యాపించిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాల్లో కూలిపని చేసుకునేవారు ఈ మాత్రల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. పేరూ ఊరూ లేని పొడులు, మూలికా మాత్రలు వేసుకోగానే నొప్పి మాయమైతే సంతోషించే ముందు అనుమానించాలి. అటువంటివాటిలో రహస్యంగా స్టెరాయిడ్లు కలిపినట్లు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి, దీర్ఘకాలం వాడితే అవి మధుమేహాన్ని పెంచి ఎముకలను గుల్లచేస్తాయి.

విరివిగా అమ్ముడుపోయే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలు 1,583 మందిపై జరిగి 2006లో వెలువడిన అమెరికా ప్రయోగంలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగ్గా పనిచేయలేదు. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ సూది కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది గాని, మూడు నెలలకోసారి రెండేళ్ల పాటు ఇచ్చి చూసిన 2017 నాటి పరిశోధనలో నొప్పి విషయంలో ఉప్పునీటి సూదికి మించిన లాభం కనబడకపోగా మృదులాస్థి మరింత తగ్గింది. రోగి రక్తం నుంచే వేరుచేసి ఎక్కించే పీఆర్‌పీ కూడా ఆస్ట్రేలియాలో 288 మందిపై జరిగి 2021లో ప్రచురితమైన ప్రయోగంలో ఉప్పునీటి కంటే మిన్నగా నిలవలేదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిపై జరిగి 2002లో ప్రచురితమైన పరిశోధన, కీలులోకి గొట్టం పంపి శుభ్రం చేసే ఆర్థ్రోస్కోపీ శస్త్రచికిత్సకు, చర్మంపై కోతలు మాత్రమే పెట్టి వదిలిన ఉత్తుత్తి శస్త్రచికిత్సకు ఫలితంలో తేడా లేదని తేల్చింది. అప్పుచేసి వేలకు వేలు వెచ్చించే ముందు ప్రతి కుటుంబమూ ఈ సంగతులు తెలుసుకోవాలి.

మోకీలు మార్పిడి

కొన్ని నెలల పాటు శ్రద్ధగా వ్యాయామం చేసినా, మందులు వాడినా నొప్పి నిద్ర చెడగొడుతూ, ఇంటి చుట్టూ నడవడం కూడా కష్టమైనప్పుడు, దెబ్బతిన్న ఎముక కొసలను తొలగించి లోహం, ప్లాస్టిక్‌తో చేసిన కీలును అమర్చే మోకీలు మార్పిడి నిజంగా ఉపకరించే చికిత్స. డెన్మార్క్‌లో శస్త్రచికిత్సకు అర్హులైన వంద మందిపై జరిగి 2015లో వెలువడిన ప్రయోగంలో, మార్పిడి చేయించుకున్నవారికి నొప్పి ఎక్కువగా తగ్గింది, తీవ్రమైన దుష్ఫలితాలు కూడా వారిలోనే ఎక్కువ. అదే సమయంలో వ్యాయామం, ఆహార నియమాలు వంటి చికిత్సలు మాత్రమే పొందినవారిలో మూడొంతుల మందికి ఏడాదిలోపు శస్త్రచికిత్స అవసరం పడలేదు. అమర్చిన మొత్తం మోకీళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్ల వరకు నిలుస్తాయని 2019 నాటి అంతర్జాతీయ విశ్లేషణ అంచనా. మరీ చిన్న వయసులో మార్పిడి జరిగితే కీలును జీవితంలో మళ్లీ మార్చవలసి రావచ్చు గనుక, దొడ్డికాళ్లున్న నడివయసువారికి ఎముకను కోసి కాలిని తిన్నగా చేసే శస్త్రచికిత్సను కూడా వైద్యులు పరిశీలిస్తారు. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2017 ఆగస్టులో కృత్రిమ మోకీళ్ల ధరలకు గరిష్ఠ పరిమితి విధించి, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకాన్ని పన్నులు గాక రూ. 54,720కి దించడం మధ్యతరగతికి పెద్ద ఊరట అయింది. శస్త్రచికిత్సకు ముందు తొడ కండరం ఎంత బలంగా ఉంటే తరువాత కోలుకోవడం అంత సులువు. అందువల్ల కత్తి దాకా వెళ్లేవారికి కూడా వ్యాయామం తప్పదు.

ఇంట్లో, సమాజంలో

ఇంటి ఏర్పాట్లలో చిన్న మార్పులు పెద్ద మేలు చేస్తాయి. వంటింట్లో ఎత్తైన పీట లేదా స్టూలు, కూర్చునే రకం మరుగుదొడ్డి, స్నానాలగదిలో పట్టుకుని లేవడానికి గోడకు కడ్డీ, మడమ ఎత్తులేని మెత్తని చెప్పులు ఉండాలి. ఊతకర్ర వాడేవారు నొప్పి ఉన్న కాలికి ఎదురు వైపు చేతిలో పట్టుకోవాలి. అప్పుడే భారం తగ్గుతుంది. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో నేలమీద బాసింపట్టు వేసి కూర్చోవడం మానుకున్నా, శక్తి చేకూరాక చేయగలిగినంత మేర చేయడంలో తప్పు లేదు.

ఈ వ్యాధి భారం ఎక్కువగా మోసేది ఇంటిపనీ బయటిపనీ చేసే స్త్రీలే అయినా, వారి నొప్పిని వయసు పేరుతో కొట్టిపారేయడం మన కుటుంబాల్లో పరిపాటిగా ఉంది. రోజుకు అరగంట వ్యాయామం చేయమని వైద్యుడు చెప్పినప్పుడు ఆ అరగంటను ఆమెకు మిగల్చడం ఇంటిల్లిపాది బాధ్యత. జ్వరానికీ రక్తపోటుకూ మాత్రలిచ్చే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికి ఒక రోజైనా ఫిజియోథెరపిస్టు కూర్చుని పదిమందిచేత కలిసి సాధన చేయించే ఏర్పాటుంటే, మాత్రలకూ సూదులకూ ఇప్పుడు పల్లె ప్రజలు పెడుతున్న ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు వచ్చేదాకా ఆగనక్కరలేదు. నొప్పిని తగ్గించి, నడకను నిలబెట్టి, శస్త్రచికిత్సను ఏళ్ల పాటు వాయిదా వేయగల సాధనాలు ఈనాడే అందుబాటులో ఉన్నాయి. మొదటి మోకాలి నొప్పి కనబడిన నాడే వాటిని చేపట్టినవారికి దక్కే ఫలితం, పదేళ్లు ఓర్చుకుని ఆస్పత్రికి వచ్చినవారికి దక్కేదానికంటే ఎన్నో రెట్లు మెరుగు.